చుక్క, గీత, వైండరు గంట

నా వేళ్లు ఊరికే ఉండవు. బస్సులో కూర్చుంటే ముందు సీటు కడ్డీ మీద, అన్నానికి కూర్చుంటే పళ్లెం అంచు మీద, పెళ్లికి పోతే పక్కవాడి కుర్చీ మీద కొడుతూనే ఉంటాయి. గోదావరిఖనిలో బొగ్గుబాయి మీద వైండరు నడిపినన్నాళ్లూ నాకు ఈ జబ్బు ఉంది. మధ్యలో హామ్ రేడియో పిచ్చి ఒకటి తగులుకుని ఆ కొట్టుడుకు ఒక భాష నేర్పింది. "కాలుగాలిన పిల్లి లెక్క తిరుగుడు సాలదని, ఇప్పుడు టక్కు టక్కు సప్పుడు ఒకటి," అని నా భార్య ఇంటికి వచ్చినవాళ్లందరికీ చెప్పేది.

వైండరు సంగతి తెలియనివాళ్లకు ముందు ఒక మాట చెప్పాలి. బాయిలోకి మనుషులను దించే ఇనుప పంజరాన్ని మేము కేజ్ అంటాం. దాన్ని ఉక్కుతాడు మీద దించేది, లేపేది పైన ఇంజన్ గదిలో కూర్చున్న ఆపరేటరు. ఆ మనిషికి కేజ్ కనపడదు. కనపడేది తాడు చుట్టుకునే పెద్ద డ్రమ్ము, కేజ్ ఎంత లోతుకు పోయిందో చూపించే ముల్లు. మిగతాదంతా గంటే. కేజ్ కదులుతున్నప్పుడు ఒక్కటి కొడితే ఆపాలి. ఆగి ఉన్నప్పుడు రెండు కొడితే దించాలి. మూడు కొడితే మనుషులు ఎక్కుతున్నారని అర్థం. గంట తికమకగా వినపడిందా, మళ్లీ సరిగ్గా కొట్టేదాకా కదలకూడదు. ఇదంతా గోడ మీది పలక మీద రాసి ఉండేది కానీ నేను దానివైపు చూసేవాణ్ని కాదు. చేరిన కొత్తల్లోనే అది నా చేతుల్లోకి ఎక్కిపోయింది.

ఆ గదికి ఇంకో నియమం ఉంది. ఇంజన్ నడుస్తుంటే ఆపరేటరుతో ఎవరూ మాట్లాడకూడదు. తలుపు మీదే రాసి ఉంటుంది. షిఫ్టు షిఫ్టంతా నోరు మూసుకుని గంటలు వింటూ కూర్చోవాలి. ఇంటికి వచ్చేసరికి పిల్లలు బడిలోనో నిద్రలోనో ఉండేవాళ్లు, దోస్తులు వేరే షిఫ్టులో ఉండేవాళ్లు. నేనేమో పుట్టు వాగుడుకాయను. ఇది నాకు ఎంత శిక్షో మాటల్లో చెప్పలేను. దొరికినవాణ్నల్లా పట్టుకుని వాయించేవాణ్ని. "నీతోని మాట్లాడుడు ఎక్కడిది, నువ్వు మాట్లాడుతుంటే వినుడే," అనేది నా భార్య.

రెండువేల సంవత్సరం దాటాక మా ఊరి లక్ష్మీనగర్‌లో ఇంటర్నెట్ సెంటర్లు పడ్డాయి. ఒకసారి మేనల్లుడి పరీక్ష ఫలితాలు చూద్దామని వెళ్లాను. ఆ పేజీ ఎంతకీ తెరుచుకోలేదు. ఊరికే కూర్చోలేక ఏదేదో నొక్కుతూ పోతే హామ్ రేడియో వాళ్ల పేజీ ఒకటి వచ్చింది. ఇంటి మీద తీగ కట్టుకుని, సర్కారు ఇచ్చిన లైసెన్సుతో, ఎక్కడెక్కడి మనుషులతోనో మాట్లాడుకునేవాళ్లు ఉన్నారట. అదే వాళ్ల సరదా అట. అది చదివిన క్షణం నాకు కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు. లేచి నిలబడే చదివాను. సెంటర్ అబ్బాయి కరెంటు షాక్ కొట్టిందనుకున్నాడు.

మా చుట్టుపక్కల క్లబ్బు లేదు. హైదరాబాద్ క్లబ్బువాళ్లు నడిపే మెయిల్ గ్రూపు ఒకటి దొరికితే అందులో చేరాను. వచ్చీరాని ఇంగ్లీషులో రాసిన నా మొదటి మెయిల్‌కు ఒక పెద్దాయన తెలుగులో ఫోన్ చేసి జవాబిచ్చారు. రిటైరైన ఇంజనీరు ఆయన. పాత ప్రశ్నపత్రాలు ఏ సైటులో ఉన్నాయో, ఇంట్లో తయారుచేసుకునే రేడియో సెట్టు సర్క్యూట్ బొమ్మలు ఎక్కడున్నాయో, మోర్సు నేర్పే సాఫ్ట్‌వేర్ ఎలా దించుకోవాలో అన్నీ ఓపిగ్గా చెప్పారు. "మీ వైపు మీరొక్కరే. మీ గొంతు గాలిలోకి వస్తే మాకూ ఒక కొత్త ఊరు దొరుకుతుంది," అన్నారు. ఆ మాటతో నేను వారం రోజులు నేల మీద లేను.

పరీక్ష రాసి చిన్న లైసెన్సుకు పెట్టుకున్నాను. అప్పటి రోజుల్లో మా వైపు వైర్‌లెస్ అన్న మాట వింటేనే పోలీసులకు చెవులు నిక్కబొడుచుకునేవి. విచారణకు వచ్చిన జమాదారు మా క్వార్టరంతా కలియతిరిగి, "ఎవరితోని మాట్లాడుతవ్?" అని అడిగాడు. "ఎవరు దొరికితే వాళ్లతోని సార్," అన్నాను. "ఏం మాట్లాడుతవ్?" "ఏం లేదు సార్, ఇనవడుతున్నదా అని అడుగుత. ఇనవడుతున్నదంటరు." ఆయన నన్ను కింది నుంచి పైకి చూసి, చాయ్ తాగి, తలూపుకుంటూ వెళ్లిపోయాడు. లైసెన్సు వచ్చేదాకా నేను పోస్టుమ్యాన్‌కు కనపడకుండా పోయిన రోజు లేదు. చివరికి అతను నన్ను చూస్తే సైకిల్ సందులోకి తిప్పేవాడు.

సెట్టు తయారైంది. క్వార్టరు మీది నుంచి ఎదుటి వేపచెట్టుకు తీగ లాగాను. లాగిన మర్నాడే పక్కింటి అక్క దాని మీద బొంత ఆరేసింది. "గట్టిగనే ఉన్నది గదా తీగ, నీకేమైతది?" అంది. ఆమెకు విషయం వివరించి, బొంత తీయించి, ఆదివారం పొద్దున సెట్టు ముందు కూర్చున్నాను. ప్రతి ఆదివారం పొద్దున క్లబ్బువాళ్లంతా ఒక్కచోట చేరి ఒకరి తర్వాత ఒకరు పలుకుతారు, బడిలో హాజరు పిలిచినట్టు. పెద్దాయన పిలుస్తారు. నా వంతు వచ్చింది. పలికాను. వాళ్లకు నేను శుభ్రంగా వినపడ్డాను.

నాకే వాళ్లు వినపడలేదు. గొంతు వస్తుంది, ఎవరిదో గుర్తు పట్టగలను, కానీ మాట విడిపోదు. అంతా ముద్ద. "మళ్లీ చెప్పండి" అనడమే నా సంభాషణ అయింది. నేను కారణాలు వెతకడం మొదలుపెట్టాను. రామగుండం పవర్ హౌస్ నుంచి పోయే పెద్ద లైన్ల గుయ్యిమనే చప్పుడు ఒకటి. బొగ్గు మోసే కన్వేయర్ బెల్టుల మోటార్లు ఒకటి. పక్కింటి ట్యూబులైటు చోకు ఒకటి. తీగను తూర్పుకు కట్టాను, దక్షిణానికి కట్టాను. ట్యూబులైటు ఆర్పమని పక్కింటికి పోయి బతిమాలాను. డ్యూటీ దిగడం, తీగ విప్పడం, మళ్లీ కట్టడం. క్లబ్బు గ్రూపులో చప్పుడు మీద నేను రాసినన్ని మెయిళ్లు ఇంకెవరూ రాసి ఉండరు. పవర్ హౌస్‌ను తిట్టినంతగా నేను జన్మలో ఎవరినీ తిట్టలేదు.

"మాట దాటని చోట మోర్సు దాటుతుంది. పెద్ద లైసెన్సుకు ఎలాగూ కావాలి, నేర్చుకోండి," అన్నారు పెద్దాయన. మోర్సంటే చుక్కలతో, గీతలతో అక్షరాలు పంపడం. చెవికి చుక్క అంటే పొట్టి కూత, గీత అంటే పొడుగు కూత. అప్పటికి ఇంట్లో పాత కంప్యూటరు ఒకటి పెట్టుకున్నాం. సాఫ్ట్‌వేర్ కూతలు పంపుతుంటే విని అక్షరాలు రాయాలి. గంటలు విని బతికే మనిషిని, నాకిదొక లెక్కా అనుకున్నాను.

అక్కడే బోల్తా పడ్డాను. ఇంగ్లీషులో అన్నిటికంటే ఎక్కువగా వచ్చే అక్షరానికి మోర్సులో ఒకే ఒక్క చుక్క. ఆ ఒంటి చుక్క వినపడగానే నా చెయ్యి ఆగిపోయేది. ఆపాలని ఆపేవాణ్ని కాదు. కలం కాగితం మీద బిగుసుకుపోయేది, ఎడమ కాలు అక్కడ లేని బ్రేకును తొక్కేది. కదులుతున్నప్పుడు ఒక్కటి కొడితే ఆపాలి. చేతికి తెలిసిన చదువు అది. నేను తేరుకునేసరికి వెనక అక్షరాలు నాలుగైదు దాటిపోయేవి. మూడు చుక్కలు వస్తే మనుషులు ఎక్కుతున్నారని మనసు జాగ్రత్త పడేది. "లెక్కపెట్టకండి, పాటలా వినండి," అని పెద్దాయన ఫోనులో ఎన్నిసార్లు చెప్పారో. లెక్కపెట్టకుండా గంట వినే వైండరు ఆపరేటరు ఎక్కడైనా ఉంటాడా?

ఆ పరీక్షకు హైదరాబాద్ వెళ్లి, మొదటి వాక్యంలోనే బిగుసుకుపోయి వచ్చాను. "ఎందుకు ఆగారు?" అని పరీక్ష పెట్టే ఆయన అడిగారు. "ఒకటి కొట్టింది సార్," అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. రైల్లో రామగుండం వచ్చేదాకా తలుపు దగ్గరే నిలబడ్డాను, సీటు ఖాళీగా ఉన్నా.

ఇంతలో రాష్ట్రం కోసం అందరం డ్యూటీలు బంద్ పెట్టిన రోజులు వచ్చాయి. బాయిలు ఆగాయి, బెల్టులు ఆగాయి, డంపర్లు ఎక్కడివక్కడ నిలిచాయి. కింద నీళ్లు తోడే మనుషుల కోసం వైండరు అప్పుడప్పుడు తిరిగేది కానీ ఆ వంతు వేరే ఆపరేటర్లది. పొద్దున టెంటు దగ్గర అందరితో కూర్చునేవాణ్ని, నినాదాలు ఇచ్చేవాణ్ని, రోడ్డు మీద వండిన అన్నం తినేవాణ్ని. నా మనసు మాత్రం ఇంకోదాని మీద ఉంది. ఊళ్లో చప్పుడు పోయింది. ఇన్నేళ్లలో ఇంత నిశ్శబ్దం ఎప్పుడూ లేదు. ఆదివారం కోసం గిలగిలలాడాను.

ఆ ఆదివారం సెట్టు పెట్టాను. నిజంగానే గుయ్యిమనడం బాగా తగ్గింది. పెద్దాయన గొంతు పక్క గదిలో ఉన్నట్టు వచ్చింది. అయినా ముద్దే. సౌండు పెంచాను. ముద్ద పెద్దదైంది, అంతే. తీగ కనెక్షను ఊడదీసి, గీకి, మళ్లీ పెట్టాను.

వంటింట్లో చిక్కుడుకాయలు ఒలుస్తున్న నా భార్య అక్కడి నుంచే అంది. "పిలుస్తున్నడు గదా, పలుకవేంది?"

"ఎవలు?"

"ఆ పెద్ద సారే. బంద్‌ల తిండికేమన్న తిప్పలయితున్నదా అని అడుగుతున్నడు. రెండుసార్లు అడిగిండు."

నేను సెట్టు ఆపాను. ఆమె చిక్కుడుకాయల గిన్నె పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. "నీకు ఇనస్తలేదా?" అంది. అప్పటిదాకా ఆమె గొంతులో ఎగతాళి ఉంది. నా ముఖం చూశాక అది పోయింది.

చప్పుడు పవర్ హౌస్‌లో లేదు. నా చెవుల్లో ఉంది. అదొక్కటే అయితే రేడియో మానేసి ఊరుకునేవాణ్ని. కానీ నేను రేడియో గురించి ఆలోచించడం లేదు. గంట గురించి ఆలోచిస్తున్నాను. మా ఇంజన్ గదిలో గంట మోగితే దాని పక్కన చిన్న దీపం కూడా వెలుగుతుంది. కేజ్ ఆగి ఉన్నప్పుడు నా కళ్లు ఆ దీపం మీదే ఉంటాయి. ఎప్పటి నుంచి గంట వినడం మానేసి దీపం చూడటం మొదలుపెట్టానో నాకే తెలియదు. ఆగి ఉన్నప్పుడు దానితో గడిచిపోతుంది. కేజ్ కదులుతున్నప్పుడు మాత్రం కళ్లు లోతు చూపే ముల్లు మీద ఉంటాయి, దీపం మీద ఉండవు. ఆపమని చెప్పే ఒంటి గంట మోగేది సరిగ్గా అప్పుడే.

చొక్కా తొడుక్కుని టెంటు దగ్గరికి పోయాను. బాయి నోటి దగ్గర నిలబడి మాకు గంట కొట్టే మనిషి అక్కడ ఉన్నాడు. నాకంటే చిన్నవాడు, మా ఇద్దరిదీ చాలాకాలం ఒకే షిఫ్టు. పక్కకు పిలిచి అడిగాను. "తమ్మీ, నిజం చెప్పు. ఆపమని కొట్టినప్పుడు నేను ఆపకుంట పోయిన్నా ఎప్పుడన్న?"

అతను నన్ను ఇంకొంచెం పక్కకు తీసుకుపోయాడు. "ఒక్కసారే అన్నా. ఖాళీ కేజే. మల్ల మల్ల కొట్టిన, ఆపినవ్. నువ్వేదో పరేషాన్ల ఉన్నవనుకున్న."

"నాకు చెప్పకపోతివి."

"ఏమని చెప్పాలె అన్నా? నీ అసొంటి చెయ్యి ఈ బాయి మీద ఇంకోటి ఉన్నదా?"

అతని మీద కోపం రాలేదు. అతని మాటకు సంతోషం కలిగింది, అదే నాకు సిగ్గుగా తోచింది. ఇంటికి వచ్చి ముందు గదిలోంచి వెనక గదిలోకి, వెనక గదిలోంచి దొడ్లోకి తిరిగాను. వైండరు ఆపరేటరంటే బాయి మీద ఒక లెక్క. మేనేజరు కూడా గుమ్మం దగ్గర ఆగి, ఇంజన్ ఆగాకే లోపలికి వస్తాడు. ఆ కుర్చీ దిగితే నేనెవరిని? కొన్నేళ్లకోసారి కంపెనీ చేసే వైద్య పరీక్షకు పిలుపు వచ్చేదాకా దీపం మీద ఇంకొంచెం గట్టిగా కన్నుంచితే సరిపోదా? ఈ మాటే నా భార్యతో అన్నాను. నీకేం కాదులే అంటుందని ఆశపడ్డాను.

ఆమె చేతిలో పని ఆపలేదు. "ఆ కేజ్ల మా తమ్ముడు దిగుతడు," అంది.

ఆమె తమ్ముడిది మా బాయే. ఇన్నేళ్లూ రోజూ వాణ్ని దించింది, లేపింది నా చేతులే. గంట తికమకగా ఉంటే కదలకూడదన్న నియమం నాకు ఎవరూ గుర్తు చేయనక్కర్లేదు.

బంద్ ముగిసిన రోజు బాయి మీద పండగలా ఉంది. ఒకరి మీద ఒకరు గులాల్ చల్లుకుంటున్నారు. నేను ఇంజన్ గదికి పోకుండా నేరుగా మేనేజరు దగ్గరికి పోయాను. "సార్, నా చెవులు పరీక్ష చేయించాలె. అప్పటిదాంక నన్ను వైండరు మీద కూసోవెట్టకున్రి," అన్నాను. ఆయన దవాఖానకు చీటీ రాశారు. దవాఖానలో చెవులకు డొప్పలు పెట్టి, కూత వినపడ్డప్పుడల్లా మీట నొక్కమన్నారు. డాక్టరమ్మ చెయ్యి కూతలు పంపుతూ కదులుతూనే ఉంది. నా వేలు, జన్మలో ఎప్పుడూ ఊరుకోని నా వేలు, ఊరికే ఉంది. "సన్నని శబ్దాలు పోయినయ్. లావు శబ్దాలు మంచిగనే ఉన్నయ్. మాట ముద్దగ వచ్చేది అందుకే," అంది ఆమె.

నన్ను లాంపు రూంకు మార్చారు. బాయిలోకి దిగేవాళ్ల నెత్తి మీది లైట్లు ఇచ్చి తీసుకునే గది అది. కిటికీ ముందు ఎప్పుడూ మందే. అందరూ మాట్లాడేవాళ్లే. మాట కోసం మొహం వాచిన మనిషికి కావలసినంత మాట దొరికింది, వినే చెవి లేదు. వాళ్లు నవ్వితే నేనూ నవ్వేవాణ్ని, ఎందుకో తెలియకుండానే. ఆ నెలల్లో నేను ఇంట్లో అందరినీ ఏడిపించాను. సెట్టు మీద గుడ్డ కప్పేశాను. తీగ విప్పేసి పక్కింటి అక్కకు ఇస్తానన్నాను, బొంతలు ఆరేసుకోమని.

తీగ విప్పనివ్వంది నా భార్యే. ఒకరోజు కంప్యూటరు పెట్టి, మోర్సు సాఫ్ట్‌వేర్ తెరిచి, "లావు సప్పుడు ఇనవడ్తదని గదా డాక్టరమ్మ అన్నది. దీని గొంతు లావు చేయరాదా?" అంది. నేను విసుక్కున్నాను. ఆమె తనే వెతికి, కూతను దించే మీట పట్టుకుంది. దించింది, దించింది. సన్నగా పిట్టలా అరిచేది బోదురు కప్ప గొంతులోకి వచ్చింది. అప్పుడు నాకు ఒక్కో చుక్క, ఒక్కో గీత గోడకు కొట్టిన మేకులా వినపడింది. ఇన్నేళ్లు మాటల్లో నేను పోగొట్టుకున్న అక్షరాలు ఇందులో పోవడం లేదు. ఆ పూట నాకు పట్టరాని ఆనందం కలిగింది. అరిచాను కూడా. పక్కింటి అక్క ఏమైందోనని వచ్చింది.

తర్వాత తేలిందేమిటంటే, నేను ఇంట్లో అన్నాళ్లు మోగిస్తుంటే వంటింట్లో వింటూ వింటూ ఆమెకు సగం అక్షరాలు వచ్చేశాయి. నేను తప్పు రాస్తే వెనక నుంచి, "గది కాదు, దాని ముంగటిది," అనేది. ఒళ్లు మండేది. అయినా రోజూ కూర్చున్నాను. పరీక్షకు మళ్లీ పోయాను, ఒంటి చుక్క దగ్గర చెయ్యి ఇంకా తడబడుతున్నా ఎలాగో గట్టెక్కి పెద్ద లైసెన్సు తెచ్చుకున్నాను. ఇదంతా జరిగేసరికి రాష్ట్రం వచ్చింది. ఊరంతా రంగులతో, డప్పులతో ఊగిపోయిన సంబరం కాస్త సద్దుమణిగాక, ఒక ఆదివారం పొద్దున పెద్దాయన, నేను మోర్సులో కలుసుకుందామని అనుకున్నాం.

ఆయన పిలిచారు. నేను పలికాను. ఆయన పంపడం మొదలుపెట్టారు, నేను రాయడం మొదలుపెట్టాను. కొత్త రాష్ట్రం నుంచి మీకు మొదటి పలకరింపు అన్నారు. మీ ఊళ్లో వాన పడిందా అన్నారు. నేను మెయిల్‌లో రాసిన సంగతి గుర్తుపెట్టుకుని, చెవులెలా ఉన్నాయి, ఇప్పుడు చప్పుడు తగ్గిందా అన్నారు. ఒక్క అక్షరం పోలేదు. నేను జవాబు పంపాను. వాన పడలేదని, చప్పుడు నాదేనని చెప్పాను. ఆయన నవ్వుతున్నట్టు ఏదో పంపి సెలవు తీసుకున్నారు. అన్నేళ్ల తర్వాత ఒక మనిషితో "మళ్లీ చెప్పండి" అనకుండా మాట్లాడాను.

అప్పుడు కాగితం చూసుకున్నాను. కాగితం నిండా ఒంటి చుక్కలే, వరుసగా, ఏ గొడవా లేకుండా అక్షరాలైపోయి ఉన్నాయి. ఒక్కదాని దగ్గర కూడా నా చెయ్యి ఆగలేదు. కాలు ఏ బ్రేకునూ తొక్కలేదు. చేరిన కొత్తల్లో నా చేతుల్లోకి ఎక్కిన గంట దిగిపోయింది.

లేచి దొడ్లోకి పోయి ఏడ్చాను. నా భార్య వెనకాలే వచ్చింది. "ఏమైంది? సారు దొరకలేదా?" అంది, నాకు వినపడేట్టు దగ్గరగా నిలబడి.

"దొరికిండు," అన్నాను. "ఒక్కటి కొడితే నా చెయ్యి ఆగలే."

ఆమెకు ఇంకేమీ చెప్పాల్సిన పని లేకపోయింది. నా చెయ్యి అందుకుని తన ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కొంచెంసేపయ్యాక వేలితో నా అరచేతి మీద ఒక్కసారి కొట్టింది. నేను ఏడుపు ఆపాను.